ఒక్క మూత బ్రాందీ

పుదుచ్చేరిలో పిల్లల ఆస్పత్రి మెట్ల దగ్గర, రెండేళ్ల కొడుకుని లోపల పడుకోబెట్టి వచ్చిన మొగుడూ పెళ్ళామూ మాట్లాడుకుంటా ఉన్నారు.

"ఒక్క మూత బ్రాందీకి ఇంత రచ్చ ఏంది?"

"పొద్దున్నించి నాలుగుసార్లు కక్కినాడు. బిడ్డ నోట్లో ఆ వాసన!"

"నిన్న చెవులు కుట్టే పండగ గదా. మా అన్న సరదాకి పోసినాడు."

"సరదానా? బిడ్డ మెదడు ఈ రెండేళ్లలోనే ముక్కాలు భాగం పెరుగుతాదంట. మిగతాది ఇరవై అయిదేళ్ల దాకా కుదురుకుంటానే ఉంటాదంట. డాక్టరమ్మ చెప్తా ఉంటే నాకు తల ఎత్తను కాలా."

"మా నాయన నాకూ ఇట్లే పోసినాడు. నాకేమైంది?"

"కన్నబిడ్డ నోట్లో బ్రాందీ పోస్తా ఉంటే పక్కన కూర్చొని నవ్వినావు. అదైంది."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"ఎవరు పోసినారో డాక్టరమ్మ రాసుకోవల్లంట. పోయి చెప్పు."

"అన్న పేరు చెప్తే ఇంటి మానం పోతాదే. బిడ్డే తెలీకుండా తాగేసినాడని చెప్దాం."

"ఛీ! తప్పు బిడ్డ మీదికి తోస్తావా? జరుగు, నేనే పోయి చెప్తా. మీ ఇద్దరి పేర్లూ."