పొన్ను కర్ర

పందొమ్మిది వందల ఎనభై ఆరు, దసరా దాటిన వారం. జూలూరుపాడు అవతలి అడవిలో జలపాతానికి పోయే కాలిబాట. ముందు తండా ఆడమనిషి జమ్లి, వెనక పొద్దున బస్సు దిగిన కొత్త మనిషి. వెనక నడిచేవాణ్ణి జమ్లి ఏనాడూ నమ్మింది లేదు గానీ, దారి తెలిసింది తనకే గనక ముందు నడవక తప్పలేదు.

"నీ పేరేందన్నవ్ సారూ? మర్చిపోయిన."

"వెంకటప్పయ్య. బస్సు దిగంగనే చెప్పిన గద."

"చెప్పినవ్. ఊరు?"

"తిరుమలాయపాలెం. బట్టల కొట్టుంది. అది గూడ చెప్పిన."

"ఇంకొకపారి ఇంటె తప్పేముంది. బట్టల కొట్టోనికి ఆ పొన్ను కర్ర ఎందుకో?"

"ఏంది?"

"చేతిల కర్ర. కొనకు ఇనుప పొన్ను ఉంది. మా తండాల అంత మంచి కర్ర ఎవరి కాడ లేదు."

"పాములుంటయని తెచ్చుకున్న."

"పామును కొట్టనీకె పొన్నెందుకు? చింతబరిగె చాలు."

"మాటకు మాట బాగ అంటవ్ జమ్లీ."

"అవ్. నోరుంది గనకనే బతుకుతున్న. తండాల ఇంతమంది మగోళ్లున్నరు, దారి చూపనీకె నన్నే ఎందుకడిగినవ్?"

"దస్రు చెప్పిండు. నీళ్లు దుంకే కాడికి నీ లెక్క దారి ఎరిగినోళ్లు లేరన్నడు."

"ఎప్పుడు చెప్పిండు?"

"పొద్దున్నే. బస్సు ఆగే కాడ."

"దస్రు మిరపతోటల కూలికి పోయి పదిహేను రోజులాయె. ఇంకా రాలే."

"అయితే... ఇంకెవరో. పేరు సరిగ యాదికి లేదు."

"గట్లనా."

"గట్లనే. ఇంకెంత దూరం?"

"ఉంది. ముందుగాల ఈ రాయి కాడ ఆగు. పచ్చికొమ్మ ఒకటి తుంచి దీని మీద ఎయ్యి. ఎంతమంది లోపలికి పోయిండ్రో అడవితల్లికి లెక్క తెలవాలె. ఈ దారిన ఎవరు పోయినా ఎయ్యాలె."

"మనిషికి ఒకటా?"

"మనిషికి ఒకటి... సారూ, మూడెందుకు ఏసినవ్?"

"మూడేసిన్నా? చేతికొచ్చినయ్, ఏసిన."

"చేతికి రాలే. ఒక్కొక్కటి తుంచి ఏసినవ్, చూస్తనే ఉన్న. మన ఎనక ఇంకెవరన్న వస్తున్నరా?"

"ఎవరు లేరమ్మా. నేనొక్కణ్ణే."

"మరి ఆ రెండు ఎవరియి?"

"పోయినోళ్లయి. నాతోని పనిజేసినోళ్లు ఇద్దరు. ఇటు దిక్కు రావాలె రావాలె అనుకుంటనే పోయిండ్రు. చాలా?"

"చాలు. నడువు."

"కోపం జెయ్యకు. నీ పెనిమిటి ఏం జేస్తడు జమ్లీ?"

"ఏదో చేస్తడు."

"ఇంటికాడ కనపడలే."

"నువ్వు మా ఇంట్లకు తొంగి చూసినవా?"

"వాకిట్ల నిలబడ్డ గద, చూడకున్నా కనపడతది. దండెం మీద మగోని అంగీ ఒక్కటి లేదు."

"దండెం మీది బట్టలు గూడ లెక్కబెట్టినవా?"

"బట్టలమ్మేటోణ్ణి. చూపు బట్టల మీదికే పోతది."

"మంచి చూపే."

"భీమ్లా గనిల పనిజేస్తుండె గద?"

"మొగని పేరు నేను నోటితోని చెప్పను. నీకెట్ల తెలిసె?"

"తండాల ఎవరో అన్నరు."

"అనరు. ఎనిమిది నెలలాయె, మా తండాల ఆ పేరు తీసేటోళ్లు లేరు. ఎందుకో ఎరుకనా?"

"నాకెట్ల ఎరుక?"

"ఎరుక లేకుంటె ఇను. గనిల పైబండ కూలింది. ఇద్దరు పోయిండ్రు. బండకు ఆసరగ దుంగలు నిలబెట్టే పని మా ఆయనది. వేళగాక ముందే దుంగ పీకిండు, గందుకే కూలిందని రాసిండ్రు. పోలీసోళ్లు జీపుల వచ్చిండ్రు. అప్పటికే ఆయన లేడు. ఎటు పోయిండో నాకు తెలవదు. అడగనీకె వచ్చినోళ్లందరికి గదే చెప్పిన. నీకు గూడ గదే."

"నేనడగలే గద."

"అడగనీకెనే వచ్చినవ్ కావచ్చు."

"నీళ్లు చూడనీకె వచ్చిన."

"చూపిస్త. అయితే ఈ దారి వద్దు. ఇటు పైకి రా."

"ఇంతకుముందు ఈ నీళ్లు చూసిపోయిన ఏన్కూరు పంతుళ్లు కింది దారిననే పోయిండ్రు గద? ఒక్క గంటల పోయొచ్చినమన్నరు."

"కింద ఉత్త బురద. పైన బాగుంటది. నీళ్ల ఎనక పెద్ద బండ, దాని కింద గుహ లెక్క ఉంటది. చల్లగ కూసోవచ్చు. భయమైతుందా?"

"భయమెందుకు? నడువు."

"కూ... కూ... కూ..."

"ఎందుకట్ల కూత పెడుతున్నవ్?"

"ఎలుగులుంటయ్. మనిషి సప్పుడు ఇంటె తప్పుకుంటయ్."

"సరిగ మూడుసార్లే పెట్టినవ్."

"ఎలుగుకు లెక్కలు రావు సారూ."

"అటు నుంచి గూడ ఎవరో కూసిండ్రు."

"కొండకు తగిలి మన సప్పుడే మల్ల వస్తది."

"మూడు పోతె ఒకటే వచ్చింది."

"నువ్వు లెక్కలు మస్తు పెడతవ్. జల్దీ నడువు, పొద్దెక్కుతుంది."

"నడుస్తనే ఉన్న. కాళ్లు గుంజుతున్నయ్."

"అయిపాయె. గదో నీళ్లు."

"అబ్బ. ఇంత ఎత్తు నుంచి దుంకుతయనుకోలే."

"చూసినవ్ గద. ఇగ పక్క నుంచి బండ కిందికి పో. నువ్వు ముందు."

"ఇప్పటిదాంక నువ్వే ముందు నడిచినవ్."

"దారి అయిపోయింది. ఇగ నువ్వే ముందు."

"సరే. నువ్వు మాత్రం అక్కడనే ఆగు. నేను పిలిచినంకనే రా."

"ఎందుకు?"

"ఆగమన్న. సప్పుడు చెయ్యకు."

"కర్రతోని పైబండను ఎందుకు కొడుతున్నవ్?"

"ఇననియ్."

"ఏం ఇంటవ్ అండ్ల?"

"గట్టి బండ గణగణమంటది. విడిచిన బండ డొల్లగ మోగుతది. ఈడ మంచిగనే ఉంది. లోపల చీకటి, కండ్లకు ఏం ఆనుతలే... అగో, ఆ మూల డొల్ల. అటు పోకు. ఎప్పుడన్న ఊడి పడతది. ఇటు దిక్కు వచ్చి కూసో, ఏం గాదు."

"సారూ."

"ఏంది?"

"తిరుమలాయపాలెంల బట్టల కొట్లకు పోయేటప్పుడు గూడ పైకప్పు కొట్టి చూసి పోతరా?"

"అది... అలవాటు."

"మా ఆయన చెప్పేటోడు. గనిల పైబండ కొట్టి చూసేటోడు సర్దార్. ఆయన మంచిగుందంటెనే కూలోళ్లు దాని కిందికి పోవాలె. ఎవరు నువ్వు?"

"గురవయ్య."

"గురవయ్య సర్దారా? మా ఆయన మీద రాసినోడివి?"

"అవ్. నేనే."

"రాసింది చాలలేదా? ఇంకేం కావాలె నీకు?"

"ఆ దినం నేను కొట్టి చూడలే జమ్లీ."

"ఏంది?"

"ఇరవై ఏండ్లు కొట్టిన. ఆ దినం ఆలస్యమైందని, నిన్న కొట్టిందే గద అని, కొట్టకుంటనే మంచిగుందని చెప్పి పంపిన. కూలినంక భయమైంది. పిల్లలు గలోణ్ణి, నౌకరి పోతదని భీమ్లా మీదికి నెట్టిన. భీమ్లా దుంగ ముట్టలే."

"ఎనిమిది నెలలు... ఎనిమిది నెలల సంది నేను..."

"తిట్టు. ఎంతైనా తిట్టు. అప్పటి సంది పైకప్పు కనపడితె కొట్టకుంట కిందికి పోలేను. మా ఇంట్ల దూలాలు గూడ కొడుత. మా ఆమె పిచ్చి లేసిందనుకుంటది. పోయిన నెల పెద్దాఫీసరు ముంగట నిజం రాసిచ్చిన. భీమ్లా మీద కేసు తీసేసిండ్రు. నా మీద పెడతరు, పెట్టనియ్. కాయితం జేబుల ఉంది."

"రాయి మీద ఆ రెండు కొమ్మలు..."

"ఆ ఇద్దరియే."

"ముందే ఎందుకు చెప్పలే? పేరు మార్చి, ఊరు మార్చి, నన్ను అడవంత తిప్పి."

"సర్దార్‌నంటె మీ తండాల మంచినీళ్లు గూడ పొయ్యరు. ఇగ నా మాట ఎవరింటరు? ఇగో కాయితం. భీమ్లా యాడున్నా ఇది అందాలె."

"నాకు చదవరాదు."

"నేను చదువుత."

"నువ్వు చదివితె నేనెట్ల నమ్మాలె? మొదట మా కొంప ముంచింది గూడ నువ్వు రాసిన కాయితమే."

"అవ్. అది నిజమే. మరి ఎట్ల నమ్ముతవ్?"

"కాయితాన్ని నమ్మను. నన్ను బయట నిలబెట్టి ముందుగాల నువ్వొక్కనివే బండ కిందికి పోయినవ్ చూడు. పట్టుకపోనీకె వచ్చినోడు గట్ల పోడు. గందుకు నమ్ముత. జర పక్కకు జరుగు."

"ఎందుకు?"

"జరుగు సారూ. ఇగ నా మాట నీతోని గాదు, నీ ఎనక నిలబడ్డోనితోని. ఓయ్, అంత ఇన్నవ్ గద? ఆ గొడ్డలి దించి జల్దీ ఇవతలికి రా. ఎనిమిది నెలల సంది నువ్వు పండుకునే మూలే డొల్లదంట."