ముక్కు లేని కాకి

"మామ్మా, ఈ కాకికి ముక్కు నేదేటి? పడీమంతావా?"

పడీడమేటే? అక్కడెట్టు. మెల్లగా. ఒలే గుంటా, అది ఉత్త మట్టికాకి అనుకుంతన్నావు గాని, దానెనకాల మనింటి కతుంది. దుమ్ము తర్వాత దులుపుదువు, ఇలా కూకో.

అది సేసింది మా సత్యం వదిన. మీ తాతకి సొంత అప్ప, పెద్దది. పెళ్లీ పెటాకులూ ఒద్దని బొమ్మల కాలేజీలో సదువుకొచ్చింది. సిరామిక్కంటారు కదా, అదీ ఆవిడ పని. మట్టితో బొమ్మ సెయ్యాల, ఆరబెట్టాల, బట్టీలో కాల్సాల, మీద గాజు పూత పూసి మళ్లీ కాల్సాల. ఆ బట్టీ తెచ్చి మా కంచరపాలెం ఇంటి పెరట్లో కట్టించింది.

పొగంటే పొగ కాదే తల్లీ. మీ తాత పోర్టుకి తెల్లసొక్కా ఏసుకెల్తే దారిలో ఎవులో ఒకలు అడిగీవోరు, బొగ్గు కాడికి మార్సేరేటి బావా అని. మా అత్త, అంటే వదినకి కన్నతల్లే, రోజూ గొడవ. ఆ యేడు తేల్చి సెప్పీసింది. సలికాలం ఎగ్జిబిషన్లో నీ బొమ్మల్ని జనం సూత్తే సరే, నేదంటే బట్టీ పగలగొట్టించి ఆనపపాదు ఎట్టీస్తానంది. ఉత్తుత్తి మాట కాదు, ఆనపగింజలు తెచ్చి కొంగున కట్టుకుంది కూడాను. వదిన సరేనంది. ఏటి సేత్తాది మరి, ఇల్లు ఆవిడిది.

ఎగ్జిబిషనంటే మా కాలనీ హాల్లో ఏటేటా ఎట్టీవోరు. స్టీలు ప్లాంటు కడతన్న రోజులు, ఎక్కడెక్కడి మడుసులో ఊళ్లో దిగిపోయేరు, అందరూ ఒచ్చీవోరు. కుట్లు, అల్లికలు, రంగుల బొమ్మలు. నాను పూర్ణా మార్కెట్లో కొన్న నీలం సీర కట్టేను. నలబై రూపాయలకి ఎలాటి సీరొచ్చీదనుకున్నావ్, యిప్పుడు దానికి జాకెట్టు కుట్టుకూలి కూడా రాదు. ఏటి సెప్తన్నాను... ఆఁ, హాలు.

వదినకి మూల బల్ల ఇచ్చేరు. గంపెత్తుకున్న సేపల మడిసి, మూట మోసే కళాసీ, ఓ గేదె, ఈ కాకి, ఇంకా ఓ పది బొమ్మలు. ముందర ముట్టరాదని బోర్డు, అది సెక్రటరీగారు ఎట్టించేరు. దాన్ని సూసి జనం సేతులు ఎనక్కి కట్టుకుని, అలా ఓ సూపు సూసి ఎలిపోతన్నారు. కుట్ల బల్ల కాడ తోసుకుంతన్నారు, మేం ఇక్కడ ఈగలు తోలుకుంతన్నాం. వదిన కుర్సీలో కూకుని కొంగంచు పీకుతా ఉంది.

అప్పుడొచ్చింది మా అత్త. "ఎవులూ నేరేటే" అని నలుగురూ ఇనీలాగే అడిగింది. మా అత్త సేపల మడిసిని ఎగాదిగా సూసింది. మరి జన్మంతా కుండలు కొన్న సెయ్యి కదా అది. సంతలో కుండ కొంతే ఏటి సేత్తాం, ఏలు ముడిసి టక్కున కొట్టి సూత్తాం. మోగితే మంచిది, మొద్దుగా పలికితే బీటున్నట్టు. ఆ అలవాటున సెయ్యెల్లిపోయింది. బోర్డూ నేదు గీర్డూ నేదు, కొట్టీసింది.

కంగుమంది. కంచుగిన్నె లాగ, హాలంతా ఇనపడింది.

మా అత్త ఆగిపోయింది. సెవి దగ్గరెట్టి మళ్లీ కొట్టింది. "బాగా కాలిందే" అంది. ఆ బట్టీని ఆవిడ మెచ్చుకోడం అదే మొదలు. ఇంక ఆవిడకి ఊపొచ్చీసింది, కళాసీని కొట్టింది, గేదెని కొట్టింది, ఆ ఊపులోనే ఈ కాకిని గట్టిగా కొట్టీసింది. ముక్కు విరిగి కింద పడింది.

సెక్రటరీగారు బోర్డు కనపళ్లేదా అని గసురుకుంతా వొచ్చేరు. ఎవులికీ తగ్గని మా అత్త మొహం అప్పుడు సూడాల, పాలిపోయింది. వదిన లేసింది. ఏడుత్తాది కాబోలనుకున్నాను నాను. ఆ బోర్డు తీసి బల్ల కింద పడీసి, "మిగతావీ కొట్టి సూడమ్మా" అంది.

ఇంకేటుంది. కుట్ల బల్ల ఖాళీ, జనమంతా మా బల్ల కాడే. పాతూరి సాయిబుల ఆడోళ్లు బురఖాల్లోంచి సేతులు సాపి కొట్టేరు. ఓ కళాసీ ఒచ్చి మట్టి కళాసీని ఈపు మీద కొట్టి, నాకన్నా గట్టోడే అన్నాడు. వదిన నవ్వుతా ఒక్కో బొమ్మా సేతికిచ్చి, దీన్ని బుగ్గ మీద కొట్టండి, దీన్ని గంప మీద కొట్టండి అని సెప్తంది. సాయంత్రం దాకా హాలు మోగుతానే ఉంది. నాను సంబరంలో అన్నం తినడం మర్సిపోయేను.

తెల్లారి మా అత్త తాటాకులోణ్ణి పిలిపించి, మంచు కురుత్తంది, బట్టీ మీద పందిరెయ్యి అంది. కొంగులో గింజలు తీసి ఆ పందిరి రాట కాడే నాటింది. పొగకి బతుకుద్దేటి అత్తా అన్నాను. దాని బతుకు అదే సూసుకుంతాది నువ్వూరుకో అంది. కాసిందే! పందిరి నిండా కాసింది.

ఈ కాకిని వదిన తల్లికే ఇచ్చీసింది. ముక్కు అతికిత్తానంటే మా అత్త ఒప్పలేదు, తన మంచం కాడ ఇలాగే ఎట్టుకుంది, పోయీదాకా. తర్వాత నాకొచ్చింది.

ఇలా తే. ఏలు ముడుసు. గోరు కాదే, కణుపు. ఊఁ, కొట్టు.

ఇన్నావా? ఇన్నేళ్లయినా సూడు ఎలా పలుకుతందో. నువ్వూ అలాగే కంగుమని బతకాల నా తల్లీ, ఎక్కడ తగిలినా, ఏటిరిగినా.

ఏదీ, ఇంకోపాలి కొట్టు...