పదకొండు గురువారాలు

సభకు అధ్యక్షత వహిస్తున్న లైబ్రేరియన్ సుందరరావు గారికి, సూపరింటెండెంట్ ఉమాపతి గారికి, ముందు వరుసలో కూర్చున్న లచ్చవ్వ గారికి, రీడింగ్ రూములో నాతో సీటు కోసం పోట్లాడిన మిత్రులకు, ఈ రోజు రిటైరవుతున్న మా కౌంటరు రాజలింగం గారికి నమస్కారం.

నా పేరు అమల. ఆరేళ్లు ఇక్కడ రీసెర్చ్ చేశాను. ఇప్పుడు రామంతాపూర్‌లో ఒక కాలేజీలో పాఠాలు చెప్తున్నాను. కాన్వెంటులో సిస్టర్లు వక్తృత్వ పోటీకి నా పేరు రాస్తే సరిగ్గా ఆ రోజుకు జ్వరం తెచ్చుకునేదాన్ని. (నవ్వులు) ఈ రోజు పేరు నేనే ఇచ్చుకున్నాను. మూడేళ్ల కిందట రాజలింగం గారికి ఒక మెమో వచ్చింది, డ్యూటీ వేళలో చెప్పకుండా బయటికి వెళ్తున్నారని. ఆయన మళ్లీ తాగుతున్నారని ఈ హాల్లో చాలామంది అనుకున్నారు. ఆయన ఎక్కడికి వెళ్లేవారో నాకు తెలుసు. అది చెప్పకుండా ఆయనను ఇంటికి పంపడం నావల్ల కాదు.

ముందు మన రీడింగ్ రూము గురించి చెప్పనివ్వండి. పడమటి కిటికీలు. వేసవిలో మూడింటికి టేబుల్ మీద చెయ్యి పెడితే కాలేది. గోడ పక్క ఫ్యాను వేస్తే మధ్య ఫ్యాను ఆగిపోయేది, కాబట్టి ఎవరికి గాలి కావాలో రోజూ పంచాయితీ. రిఫరెన్సు పుస్తకాలు ఇంటికి ఇవ్వరు కదా. బెల్లు కొట్టాక మనం టేబుల్ మీద వదిలేసిన పుస్తకాన్ని రాజలింగం గారు షెల్ఫులో సర్దేసేవారు కాదు. మనం ఆగిన పేజీలో ఒక చీటీ పెట్టి, దాని మీద మన పేరు రాసి, కౌంటరు వెనక బల్ల మీద వరసగా పేర్చుకునేవారు. పొద్దున మనం మెట్లెక్కుతుండగానే పుస్తకం కౌంటరు మీదికి వచ్చేది. రూల్సులో లేని పద్ధతి అని ఉమాపతి గారు కోప్పడేవారు. కోప్పడి, తన పుస్తకంలో కూడా చీటీ పెట్టించుకునేవారు. (నవ్వులు)

నా మూడో ఏడాది, సెమినార్‌లో పేపరు చదువుతుంటే గుండె దడదడలాడి, చేతులు చల్లబడి, మధ్యలో ఆపేసి బయటికి వచ్చేశాను. తరువాత సెమినార్ అక్కర్లేకుండానే అలా అయ్యేది. మెస్ లైన్లో, సిటీ బస్సులో, ఆదివారం చర్చిలో. హాస్టల్లో ఒకమ్మాయి తన నిద్రమాత్ర సగం విరిచి ఇచ్చింది. ఆ సగం మాత్ర ఎంత హాయిగా ఉండిందో, అబద్ధం చెప్పను. సగం ఒకటైంది, ఒకటి మూడైంది. వారాసిగూడలో ఒక మందుల షాపు, చిలకలగూడ దగ్గర మరొకటి. ఒకే షాపుకు వరసగా రెండుసార్లు వెళ్లకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. అలాంటి నియమం పెట్టుకోవాల్సి వచ్చిన రోజే నాకు అర్థమై ఉండాల్సింది. కాలేదు.

అర్థమైంది రాజలింగం గారికి. ఒక పొద్దున పుస్తకం ఇవ్వకుండా చేతిలోనే పట్టుకున్నారు.

"బిడ్డా, పంతొమ్మిది దినాల సంది నీ చీటీ గీ పేజీలనే ఉన్నది. ఏమైతుంది నీకు?"

"ఏం లేదండీ. కష్టమైన పుస్తకం."

"కష్టమైన బుక్కయితే మనిషి ఎనకకు వోతడు, మళ్ల ముందుకొస్తడు. నువ్వు యాడికీ పోతలేవు. నేను గూడ గిట్లనే ఉండె. పొద్దంత కౌంటర్ల కూసునేది, మనసంత సీసా మీదనే ఉండేది."

"నేను తాగనండీ."

"తాగుతున్నవని ఎవలన్నరు? చేతులు వణుకుతున్నయి, గదే చెప్తున్న."

ఆయన తాగుడు మానిన సంగతి అందరికీ తెలుసు. ఎలా మానారో ఎవరూ అడగలేదు. తార్నాకలో మెట్రో స్టేషన్ వెనక సందులో అరుంధతి మేడమ్ అనే కౌన్సిలర్ దగ్గరికి ఎనిమిది నెలలు వెళ్లారట. "మొదటి రెండుసార్లు మెట్ల దాక వొయి వాపస్ వచ్చిన. గందుకే నిన్ను ఒక్కదాన్ని పంపియ్య" అన్నారు.

అలా గురువారం మూడింటికి బయల్దేరేవాళ్లం. ఆయన పది అడుగులు ముందు, నేను వెనక. నన్ను చూసినవాళ్లకు నేనెవరి వెంట వెళ్తున్నానో తెలియకూడదని ఆయన ఏర్పాటు. నేను పైన మాట్లాడినంతసేపు ఆయన కింద మెట్టు మీద కూర్చునేవారు. మొదటి రోజు నేను దడ గురించి చెప్పాను, మాత్రల గురించి చెప్పలేదు. మూడో గురువారం చెప్పాను. ఇక ఇవాళ్టినుంచి ఒక్కటీ వేసుకోను అన్నాను. అరుంధతి మేడమ్ వెంటనే వద్దన్నారు. అలా ఒక్కసారిగా ఆపితే ప్రమాదమని, డాక్టరు దగ్గరికి పంపారు. డాక్టరు చెప్పిన లెక్కన నెలల తరబడి తగ్గించుకుంటూ వచ్చాను. ఇప్పుడు మాత్రలు లేవు. దడ మాత్రం అప్పుడప్పుడూ వస్తుంది. ఇప్పుడు కూడా వస్తోంది. (నీళ్లు తాగి) పర్వాలేదు, తగ్గుతుంది. దాన్ని తగ్గనివ్వడమే నేను నేర్చుకున్నది.

మెమో వచ్చింది ఆరో గురువారం తరువాత. ఆయన జవాబు రెండు ముక్కలు: సొంత పని, ఇకమీద జరగదు. ఆ తరువాత గురువారం హాఫ్ డే లీవు పెట్టి మళ్లీ నడిచారు. అట్లా పదకొండు గురువారాలు. పన్నెండోసారి నేను ఒక్కదాన్నే వెళ్లాను.

నాకు మెమో సంగతి తెలియక ఊరుకున్నానని మీరు అనుకోవచ్చు. తెలుసు. మెస్‌లో నా వెనక నిలబడ్డవాళ్లే అన్నారు, "రాజలింగం మళ్ల షురూ చేసిండంట" అని. నేను పళ్లెం పట్టుకుని ముందుకు జరిగాను. నోరు విప్పితే నా మాత్రలు బయటపడతాయి. థీసిస్ ఆగిపోతుందనుకున్నాను, ఇంట్లో తెలుస్తుందనుకున్నాను. ఆయనను ఒకసారి అడిగాను, నేను చెప్పేయనా అని. "చెప్పేది నువ్వు, ఎప్పుడనేది నీ ఇష్టం. నా నోట్లకెళ్లి మాత్రం రాదు" అన్నారు. అది నాకు సదుపాయంగా తోచింది. మూడేళ్లు ఆ సదుపాయంలో ఉన్నాను.

పోయిన వారం ఈ సభ సంగతి చెప్పడానికి రాజలింగం గారింటికి వెళ్తే లచ్చవ్వ గారు నాకు అన్నం పెట్టి, మాటల్లో మాటగా అన్నారు: "ఆ ఏడు నేను గూడ ఈయన ఇంటికి రాంగనే దగ్గరికి వొయి నోరు వాసన జూసేదాన్ని బిడ్డా." కట్టుకున్న మనిషికి కూడా ఆయన చెప్పుకోలేదు, అది నా రహస్యం కనుక.

ఉమాపతి గారూ, మీ తప్పేం లేదు. కౌంటరు ఖాళీగా కనబడింది, మీరు రాశారు. చెప్పాల్సింది నేను. ఇదిగో, ఆ పదకొండు తేదీలు, వెళ్లిన చోటు, వెళ్లిన కారణం ఇందులో రాసి నా సంతకం పెట్టాను. ఆయన సర్వీసు ఫైల్లో ఆ మెమో పక్కన దీన్ని కూడా పెట్టమని అందరి ముందూ అడుగుతున్నాను.

(ఉమాపతి గారు లేచి వచ్చి కాగితం తీసుకున్నారు.)

ఇక్కడ కూర్చున్న విద్యార్థుల్లో ఎవరైనా నాలాగా నియమాలేవైనా పెట్టుకుని ఉంటే, సభ అయ్యాక నా దగ్గరికి రండి. తార్నాక దాకా నడుస్తాను. ముందు నడవమంటే ముందు, పక్కన నడవమంటే పక్కన.

లచ్చవ్వ గారూ, ఆ గురువారాలు మీకు ఏదైనా వాసన వచ్చి ఉంటే అది అల్లం చాయ్‌ది. తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరం తాగేవాళ్లం.

రాజలింగం గారూ, ఆలస్యమైంది. క్షమించండి. ఇంతసేపు విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇక మైకు వదిలేస్తాను, సెలవు.