ముప్పై ఎనిమిది రోజులు

జైలు ఆఫీసు గది, పొద్దున పదకొండు గంటలు. బల్లకి అటు గుమాస్తా. ఇటు ఖైదీ, బయట ఉన్నప్పుడు తాళాలు బాగుచేసేవాడు.

"కూర్చోమంటే కూర్చోవేంటయ్యా?"

"ఎవరు పోయారు సార్?"

"ఎవరూ పోలేదు."

"పదహారు నెలల్లో ఈ గదికి నాలుగుసార్లు వచ్చాను. కుర్చీ చూపించడం ఇదే మొదలు. మా అత్తగారా?"

"ఎవరూ పోలేదన్నానా. టీ తాగుతావా?"

"టీ కూడానా? అయితే బాగా దగ్గరివాళ్లే."

"నువ్వు విడుదలవుతున్నావు. ఇవాళే."

"నాకింకా యాభై రెండు రోజులుంది సార్. గోడమీద గీతలు పెట్టుకుంటున్నా."

"ఆ గోడ పాడుచేసింది నువ్వేనా? సరే, వదిలెయ్. చిన్న పొరపాటు జరిగింది. కోర్టు నీకు వేసింది ఏడాదిన్నర. తీర్పు రాకముందు విచారణలో మూణ్ణెల్లు లోపలే ఉన్నావు కదా. ఆ మూణ్ణెల్లూ అందులోంచి తీసెయ్యాలి."

"తీసెయ్యలేదా?"

"తీసేశాం."

"ఎప్పుడు?"

"ఇవాళ. పొద్దున టపాలో ఎవరో అర్జీ పంపారు. అది చూసి తీసేశాం."

"ఎవరు సార్ ఆ పుణ్యాత్ముడు?"

"అది నీకనవసరం."

"మరి తీసేస్తే నేనెప్పుడు వెళ్లాల్సింది?"

"పోయిన నెల ఐదున."

"ఇవాళ పదమూడు."

"ముప్పై ఎనిమిది రోజులు. నువ్వు వేళ్లు మడవక్కర్లేదు, నేను లెక్కపెట్టాను."

"ముప్పై ఎనిమిది రోజులు ఊరికే ఉన్నానా సార్? ఏ నేరమూ లేకుండా?"

"తిండి పెట్టాం కదయ్యా."

"దాన్ని తిండి అని మీరే అనాలి. పోనీ, ఆ రోజులు దాచుకోవచ్చా?"

"దాచుకోవడమేంటి?"

"ముందు ముందు అవసరమైతే వాడుకుంటా. మా బావమరిదిని ఒక్కటి పీకితే ఎన్నాళ్లు వేస్తారు?"

"ఎంత గట్టిగా పీకావన్నదాన్ని బట్టి... ఏయ్. అలాంటివి కుదరవు. ఇదిగో రిజిస్టరు. ఇక్కడ సంతకం పెట్టు, సంచి తీసుకో, వెళ్లు."

"తారీఖు ఐదని వేశారేంటి సార్?"

"చదువుతావేంటయ్యా? సంతకం పెట్టు."

"ముందూ వెనకా చూసుకోకే లోపలికొచ్చాను సార్. ఒకాయన వచ్చి ఇల్లు నాదే, తాళంచెవి పోయిందన్నాడు. వెళ్లి తీశాను. ఇల్లు ఆయనది కాదు. పైగా పక్కింటివాళ్లకి నా ఫోన్ నంబరు ఇచ్చి మరీ వచ్చాను, వాళ్ల తాళాలేమైనా పోతే పిలవమని."

"ఫైల్లో ఉంది. జడ్జిగారు కూడా నవ్వారట."

"నవ్వారు. నవ్వి ఏడాదిన్నర వేశారు."

"చూడు బాబూ. రేపు పైవాళ్లు తనిఖీకి వస్తున్నారు. నువ్వు ఐదునే వెళ్లిపోయావని కాగితంలో ఉంటే నా ఉద్యోగం ఉంటుంది. ఇంకా రెండేళ్లుంది నాకు."

"సత్ప్రవర్తనకి మీకేం తగ్గించరా సార్?"

"సంతకం పెట్టు."

"పెట్టను."

"ఏం కావాలి నీకు?"

"నాకేం వద్దు. మీ ఉద్యోగం చల్లగా ఉండాలి. కానీ ఈ విడుదల కాగితం పట్టుకుని నేను ఇంటికెళ్లాలి కదా. మా ఆవిడ మొట్టమొదట చూసేది తారీఖే. ఐదున బయటికొచ్చావు, పదమూడున ఇంటికొచ్చావు, నెల దాటి ఎక్కడ తిరిగావు అంటుంది. ఏం చెప్పమంటారు?"

"జైల్లోనే ఉన్నానని చెప్పు."

"మీరైతే నమ్ముతారా?"

"నమ్మను."

"అదీ సంగతి. ఆరేళ్ల కిందట స్నేహితుడి బీరువా తాళం తీయడానికెళ్లి మూడ్రోజులు పేకాటలో కూర్చుండిపోయాను. ఆ శిక్ష ఇంకా నడుస్తోంది సార్. అక్కడ తగ్గింపూ లేదు, అప్పీలూ లేదు. మూడ్రోజులకి ఆరేళ్లయితే ముప్పై ఎనిమిది రోజులకి ఎంతవుతుందో మీరే చెప్పండి."

"డెబ్భై ఆరు."

"చూశారా? ఇంకోసారి చెప్పాపెట్టకుండా ఎక్కడైనా ఉండిపోతే తలుపుకి తాళం మార్చేస్తానంది. నేను తీయలేని తాళం బజార్లో ఒకే ఒక్క రకం ఉంది. అదేంటో ఆవిడకి తెలుసు."

"ఎలా తెలుసు?"

"గొప్పకి నేనే చెప్పాను."

"మరి ఈ నెల్లో ములాఖత్‌కి రాలేదా? వచ్చి ఉంటే నువ్వు ఇక్కడే ఉన్నావని తనే చూసి ఉండేదిగా?"

"వచ్చి రెండు నెలలైంది. డిగ్రీ పరీక్షలు సార్. పెళ్లప్పుడు ఆపేసిన ఆఖరి సంవత్సరం ఇన్నాళ్లకి కడుతోంది. నిన్నే చివరి పేపరు. నా గొంతు వింటే చదివిందంతా ఎగిరిపోతోంది, పరీక్షలయ్యేదాకా రానంది."

"అది మాత్రం నమ్ముతాను. నిన్ను వేరే చోటికి మార్చమని మీ గదిలో పదకొండుమంది సంతకాలు పెట్టి ఇచ్చారు."

"పన్నెండోవాడు పెట్టలేదు కదా. వాడు నా స్నేహితుడు సార్."

"వాడికి వినపడదయ్యా."

"ఓహో. అందుకా అన్నిటికీ నవ్వుతుంటాడు."

"సరే, ఇది నీకు చెప్పకూడదనుకున్నా, చెబితే నిన్ను పట్టలేం అని. ఆ అర్జీ పంపింది మీ ఆవిడే."

"మా ఆవిడా?"

"ఆవిడే. నువ్వు ఇక్కడున్నావని తెలిసే కదా ఇక్కడికి రాసింది? ఇంక ఎక్కడ తిరిగావని ఎందుకడుగుతుంది? పెట్టు సంతకం."

"ఉండండి సార్, ఉండండి. మా ఆవిడ రాసిందా? తన చేత్తో?"

"గుండ్రటి అక్షరాలు. పక్కన గీత కొట్టి మరీ రాసింది. పైన ఏడాదిన్నర, కింద మూణ్ణెల్లు, తీసివేత. మా ఆఫీసులో నలుగురం కలిసి చెయ్యలేని లెక్క అరపేజీలో తేల్చేసింది."

"విన్నారా? ఓ పక్క పరీక్షలు, ఓ పక్క మొగుడి కోసం లెక్కలు. పైకి అంతే గానీ సార్, లోపల వెన్న. నేనే తప్పుగా అనుకున్నా. తాళం మార్చేస్తుందని కూడా అనేశాను మీతో. ఒక్కసారి చదివి వినిపించండి సార్."

"'అయ్యా, నా భర్త శిక్షాకాలం రేపటితో పూర్తవుతున్నది. ఆయనను విడుదల చేయవలసిందిగా...'"

"రేపటితోనా?"

"రేపటితో అనే ఉంది."

"పైన తారీఖెంత వేసింది?"

"పోయిన నెల నాలుగు."

"నాలుగున రాస్తే ఇవాళ చేరడమేంటి? దారిలో నెల్లాళ్లు నిద్రపోయిందా?"

"నేనూ అదే అనుకుని కవరు తిప్పి చూశా. ముద్ర నిన్నటిదే ఉంది."

"నిన్న ఎప్పటిది?"

"మధ్యాహ్నం టపా."

"పరీక్ష ఒంటిగంటకి వదులుతారు సార్."

"ఏమయ్యా... టీ చల్లారిపోతోంది."

"ఆ పెన్నిలా ఇవ్వండి. తారీఖు ఐదనే ఉండనివ్వండి సార్. ఈ ముప్పై ఎనిమిది రోజులూ నేనెక్కడున్నానో మా ఆవిడకి బాగానే తెలుసు."