పొడి సంచి

హలో… ఆఁ, నేనే నాయనా, సుగంతిని. ఇంకా వేలూర్లోనే ఉండా, ఆస్పత్రి బయట…

ఏందీ?… ఎవురన్న్యారు? పక్కింటి కలైయరసత్తా?… నాకు పెద్దరోగం, కుష్టు వచ్చిందనా! ఎవురితో చెప్పింది?… కొళాయికాడ, అందరితోనా.

ఊఁ. మొన్న ఆయమ్మకు కాఫీ ఇచ్చింది నేనేలే. నా చేతులు చూసింది, గ్లాసు చూసింది, పోయి మన రోజాచెట్టుకు పోసేసింది.

నవ్వొద్దు నాయనా. నాకు నవ్వేదానికి గూడా ఓపిక లేదు.

డాక్టరమ్మ చూసింది… కాదు, పెద్దరోగం కాదు. అలర్జీ… ఆఁ, ఏదో ఒంటికి పడలేదంట. వేళ్ల సందుల్లో నీళ్లపొక్కులు, అరచెయ్యంతా ఎర్రగా చిట్లిపోయుండాది. సబ్బు తగిల్తే కారం పూసినట్టే… అమ్మను ఇంక నా చేతులకు కుప్పింటాకు నూరొద్దని చెప్పు. నూరింది చాలు.

కొండరాయా? రాయేం చేసింది నాయనా! మూడేండ్లుగా ఎక్కతానే ఉండా. రాయి తోలు గీకుతాది, ఇట్లా పొక్కించదు. డాక్టరమ్మ గూడా అడిగింది, కొత్తగా ఏం పూస్తా ఉండావని. నేనేం పూస్తా? చెమటకు చేతులు జారకుండా ఆ తెల్లపొడి, అంతే… అందరి పొడి సంచుల్లోకీ, కొండెక్కేది నేర్పే మా సామ్యుల్ సార్ డబ్బాలో పొడే. ఎవురికీ ఏమీ కాలేదు. నాకే…

ఏందీ?… నువ్వా?… నా పొడిలోనా?

ఏం కలిపినావు?… గట్టిగా చెప్పు, ఈడ బస్సుల మోత…

గుగ్గిలమా?

మిల్లులో బెల్టు జారకుండా చల్లుతావే, ఆ గుగ్గిలం పొడా?… నా సంచిలోనా!… ఎప్పుట్నించీ?… నేను గుడియాత్తం వచ్చినప్పుడంతానా. నేను తలకు పోసుకుంటా ఉంటే, సంచి తెరిచి…

అమ్మకు తెలుసా?… తెలీదు. సరి.

లే, అరవలేదు. నాకు అరిచే శక్తి యాడుండాది?… తెలుసులే నాయనా. నేను జారింది వీడియోలో చూసినావు. బెల్టును నిలబెట్టేది బిడ్డనూ నిలబెడతాదనుకుంటివి. అడగొచ్చు కదా… ఒక్క మాట…

శనివారం పోటీల సెలక్షనా? ఇంకేం సెలక్షన్! వేళ్లు మడిస్తే నెత్తురొస్తా ఉండాది. ఈ ఫోన్ గూడా లక్ష్మీప్రియే నా చెవికి ఆనించి పట్టుకోనుండాది… ఆఁ, ఆ పిల్లే. నేను ఎక్కేటప్పుడు కింద తాడు పట్టేది… దాన్ని సార్ పంపిస్తాడు. నా బదులు అదే పోతాది.

వచ్చే ఏడా?… చూద్దాంలే… ఏడవొద్దు నాయనా. మిల్లులో నలుగురూ చూస్తారు. ముక్కు తుడుచుకో…

ఏందీ? సరిగ్గా వినపళ్లే…

తాడుకా?

చేతికి పడకపోతే తాడుకు పూస్తావా! అది జారకుండా… లక్ష్మీ చేతుల్లోనించి జారకుండా… అయ్యో నాయనా.

ఇట్లా విను. కొండెక్కేవాళ్లు జారతారు. రోజూ జారతా. తాడుండాది, పట్టేదానికి పిల్లుండాది. పొడిలో ఏం కలపొద్దు, తాడును ముట్టుకోవద్దు.

నన్ను పడనీ నాయనా.

మళ్లీ ఏడుపా?… ముక్కు తుడుచుకో, పనికి పో.

లక్ష్మీ, నా వేళ్లు వంగవు, నువ్వే కట్ చెయ్.