ఎనిమిది అంగుళాలు

హలో… ఆ, నేనే, లిఫ్టులోంచే. గోడకు రాసి ఉన్న నంబరుకి ఇందాకటి నుంచి చేస్తూనే ఉన్నాను. ఎవరు మాట్లాడుతున్నది?…

నువ్వా! ఓరి నాయనా, ఎంత చల్లని మాట చెప్పావు! నా దగ్గర లిఫ్టుల తనిఖీ నేర్చుకున్నవాడే నన్ను దించడానికి వచ్చాడంటే నాకిక భయమెందుకు?… బాగానే ఉన్నాను. రిటైరైన ఈ మూడేళ్ళూ జపంతోనూ పద్యాలతోనూ గడిచిపోయాయి. నువ్వెలా ఉన్నావు? పిల్లలు?…

సరే సరే, అవన్నీ తరవాత. చెబుతాను విను. నాలుగో అంతస్తు దాటింది, ఐదు అందలేదు. ఎదురుగా ఇటుకగోడ. పైన జానెడు వెలుతురు కనబడుతోంది, అంతే. ఫ్యాను ఆగిపోయింది. దీపం మాత్రం వెలుగుతోంది…

ముగ్గురం. నేను, మా బావగారు — మా అక్కయ్య భర్త — ఇంకా ఈ భవనంలో గదులు తుడిచే అమ్మ. ఆవిడ బక్కెట్టు కూడా ఉంది లోపల…

ఏడో అంతస్తులో సభ నాయనా, మంత్రిగారూ వస్తున్నారు. దేశంలో నిజాయితీ కరువవడానికి కారకులు నాయకులా, ప్రజలా అని వాదం పెట్టారు. నేను నాయకులంటాను, బావగారు ప్రజలంటారు. నలభై ఏళ్ళుగా మా ఇంట్లో భోజనాల దగ్గర జరిగే పోట్లాటే. ఇవాళ మైకు పెట్టి పోట్లాడమన్నారు. పన్నెండు పేజీలు రాసుకొచ్చాను… ఆ, నవ్వు. ఇక్కడ బావగారూ నవ్వుతున్నారు. ముప్ఫైనాలుగేళ్ళు లిఫ్టుల్లో తప్పులు పట్టుకున్నవాణ్ణి ఇవాళ లిఫ్టు పట్టుకుందట.

నవ్వకండి బావగారూ, ఆయాసం వస్తుంది.

అదే నాయనా నా కంగారు. ఆయనకి ఉబ్బసం. పీల్చే మందు కారులో ఉండిపోయింది. రెండు నిమిషాల్లో పైకెళ్ళిపోతాం కదా, దేనికని నేనే అన్నాను… ఆ, డ్రైవరు కిందనే ఉన్నాడు. వెనక సీటు మీద నల్ల సంచి… పంపించు, ముందు అది పంపించు. ఐదో అంతస్తు తలుపు దగ్గరికి.

ఇప్పుడు నువ్వెక్కడ ఉన్నావు?… మోటారు గదిలోనా. మంచిది. చక్రం చేత్తో తిప్పి దించెయ్యడమే కదా, పది నిమిషాల పని. ఎన్నిసార్లు చేయించలేదు నీ చేత…

ఏమైంది? ఎందుకు ఆగిపోయావు?…

లిఫ్టు పెట్టెని మోసే ఉక్కు తాళ్ళా? ఎన్ని?… నాలుగింట్లో రెండా… పోగులు లేచాయా, తెగాయా?… సరిగ్గా చూడు. గ్రీజు తుడిచి చూడు…

అలాగా.

ఏం లేదు బావగారూ, తాళ్ళు చూస్తున్నాడు. మీరు కూర్చోండి. కదలకుండా, నెమ్మదిగా. గోడకి ఆనుకోండి… అమ్మా, మీరూ కూర్చోండి. బక్కెట్టు జరపకండి.

చెప్పు… ఊఁ… ఊఁ… అవును, పాడైన తాళ్ళు చక్రం మీదుగా నడిస్తే తెగవచ్చు. తెగితే అత్యవసర బ్రేకు రెండు పక్కలా ఉన్న ఇనుప పట్టాలని కరుచుకోవాలి. ఆ బ్రేకు ఉన్నదే అందుకు… రెండో దారి ఏమిటి?… అగ్నిమాపక దళం. పెట్టెని పైనుంచి గొలుసులతో కట్టి, ఐదో అంతస్తు దగ్గర గోడ కోసి తియ్యాలి. ఎంతసేపు?… గంటన్నర.

ఏమిటి అడిగావు?…

వినబడింది. ఆ బ్రేకుని నమ్మవచ్చా అని. మళ్ళీ అడగనక్కరలేదు.

రిజిస్టరు నీ చేతిలోనే ఉందా?… ఏమని ఉంది?… చదువు. మొత్తం చదువు…

'వెయ్యి కిలోల బరువు వేసి బ్రేకు పరీక్షించడమైనది. పట్టాల మీద ఎనిమిది అంగుళాల గీత పడి పెట్టె నిలిచినది.' కింద నా సంతకం.

ఎనిమిదా? ఎనిమిదేనా రాశాను… లేదు, మరచిపోయి అడగడం లేదు నాయనా. మరచిపోయి ఉంటే ఎంత బాగుండేది.

బావగారు ఏదో అంటున్నారు, ఉండు… ఏమిటండీ?… నా సంతకం ఉంటే ఇంక ఆలోచించడం దేనికి, తిప్పమని చెప్పు అంటున్నారు. నా బావమరిది నిప్పులాంటివాడని ఊరంతా చెప్పుకు తిరిగేది ఈయనే.

ఈ అమ్మ రోజూ బక్కెట్టు పట్టుకుని మెట్లెక్కే వెళుతుందట నాయనా. లిఫ్టంటే భయమట. ఇవాళ కింద నిలబడి ఉంటే నేనే పిలిచాను. రామ్మా, ఈ లిఫ్టుకి సంతకం పెట్టింది నేనే, నీకేం భయం లేదు అన్నాను. చెయ్యి చూపించి మరీ పిలిచాను. నా మాట మీద లోపలికి అడుగుపెట్టింది.

తిప్పకు.

తిప్పకు అంటున్నాను. ఆ బ్రేకు నేను పరీక్షించలేదు…

అవును. ఆ సంతకం నాదే. ఆ పరీక్ష జరగలేదు. రెండూ నిజమే.

ఎలాగంటే… ఇరవై ఇసుక బస్తాలు కావాలి. ఆ రోజు ఇక్కడ ఒక్క బస్తా లేదు. ఉద్యోగంలో నా ఆఖరి వారం. రెండు రోజుల్లో మంత్రిగారు వచ్చి భవనం ప్రారంభించాలి. మా శాఖ డైరెక్టరుగారు ఫోను చేశారు. మేనేజరు గదిలో కూర్చుని ఉన్నాను. 'అయిందా?' అన్నారు. ఆ ఒక్క మాటే. 'అయిందండీ' అన్నాను. ఫోను పెట్టేసి ఫారం ముందుకి లాక్కున్నాను… లేదు, పైసా ముట్టుకోలేదు. అది నీకూ తెలుసు, ఊరికీ తెలుసు. మూడేళ్ళుగా ఆ ఒక్క సంగతే పట్టుకుని పూజలో కూర్చుంటున్నాను. పైసా ముట్టుకోలేదు కాబట్టి అది అబద్ధం కాదనుకున్నాను.

ఆఁ, బావగారూ?… నెమ్మదిగా, ఊపిరి తీసుకుని చెప్పండి…

వింటున్నావా నాయనా, ఈయన ఓడిపోయానంటున్నారు. పైవాడు ఫోను చేసి ఒత్తిడి పెట్టాడు కనుక తప్పు నాయకులదేనట. నువ్వే గెలిచావోయ్, ఇంక పైకెళ్ళి మాట్లాడనక్కరలేదు అంటున్నారు. ఇంత ఆయాసంలోనూ నన్ను తప్పించాలని చూస్తున్నారు.

వద్దు బావగారూ. ఆ గెలుపు నాకొద్దు. ఆయన 'అయిందా' అని మాత్రమే అడిగారు. కాలేదంటే ఏమయ్యేది? తిట్టేవారు. ప్రారంభం వారం వాయిదా పడేది. నాకు ఆఖరి రోజు దండ వెయ్యకుండా పంపేవారేమో. ఎనిమిది అంగుళాలని రాయమని ఆయన చెప్పలేదు. ఆయనకి ఆ లెక్కే తెలియదు. ఆరు రాస్తే మరీ తక్కువ, పది రాస్తే ఎవరైనా అనుమానిస్తారని కాసేపు ఆలోచించి ఎనిమిది రాశాను. ఆ ఎనిమిది నాది. నా పన్నెండు పేజీల్లో దాని ఊసెక్కడా లేదు.

హలో… ఉన్నావా?…

నా తరవాత రెండేళ్ళూ తనిఖీ నువ్వే చేశావు కదూ… బ్రేకు గడి దగ్గర ఏమని రాశావు?… 'మునుపటివలెనే.' రెండుసార్లూనా… నాయనా, పట్టాలు చూశావా? నిజం చెప్పు. టార్చి వేసి చూసి ఉంటావు, నీకా అలవాటు నేనే చేశాను. పరీక్ష జరిగి ఉంటే ఇనుము మీద గీత ఉండాలి. ఉందా?…

లేదు. లేదని నీకు అప్పుడే కనబడింది.

మరి ఎందుకు… వద్దు, చెప్పకు, నాకు తెలుసు. గురువుగారు రాశారు కనుక గీత ఉండే ఉంటుంది, నా కళ్ళే సరిగ్గా లేవనుకున్నావు. నేను ఫోను విని సంతకం పెట్టాను, నువ్వు నా పేరు చూసి పెట్టావు…

ఏడవకు. కళ్ళు తుడుచుకో, నీ చేతులతో ఇవాళ పనుంది.

ఏమిటి?… నెమ్మదిగా తిప్పుతాననా? సగం సగం చుట్టు తిప్పుతూ… రెండు తాళ్ళు గట్టిగానే ఉన్నాయి, బ్రేకు పనిచేస్తుందేమో… ఎవరికీ తెలియదు… నా పరువూ, నీ ఉద్యోగమూ… ఊఁ. చెప్పు, వింటున్నాను.

చెప్పావుగా. ఇప్పుడు నేనడుగుతాను. ఈ పెట్టెలో నీ తల్లి కూర్చుని ఉంటే తిప్పుతావా?…

అదీ సంగతి.

ఇక్కడ ఈ అమ్మ ఏదో అడుగుతోంది, ఉండు… చెబుతానమ్మా. మీకే ముందు చెప్పవలసింది. నేను చూడకుండానే చూశానని రాశాను. ఈ లిఫ్టు బాగుందో లేదో నాకు తెలియదు. మిమ్మల్ని పిలిచినప్పుడూ తెలియదు… ఏమిటీ?… ఆ, అదేనమ్మా, కింద లిఫ్టు తలుపు పక్కన గాజు పటంలో ఉన్న కాగితమే, ఈ లిఫ్టు బాగుందని నేనిచ్చినది. కింద ఉన్నది నా పేరే.

నాయనా, ఈవిడకి చదువు రాదట. ఆ పటం దేవుడిదేమో, పెద్దవాళ్ళదేమో అనుకుని మూడేళ్ళుగా రోజూ తడిగుడ్డతో తుడుస్తోందట. మరక పడనిచ్చేదాన్ని కాదండీ అంటోంది… ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

ఇక విను. చక్రం ముట్టుకోకు. అగ్నిమాపకం వాళ్ళని పిలు… పిలిచావా? ఎప్పుడు?… బావగారిని అడగాలి. ఊపిరి ఆయనది, నేనెలా నిర్ణయిస్తాను?

బావగారూ, ఇటు చూడండి. పది నిమిషాల దారి ఉంది, అందులో మనం పడిపోవచ్చు. గంటన్నర దారి ఉంది, అందులో మీరు ఇబ్బంది పడాలి. నా మూలానే… మాట్లాడొద్దు, వేళ్ళతో చెప్పండి. ఒకటా, రెండా?

రెండు వేళ్ళు చూపించారు నాయనా. ఆ రెండు వేళ్ళతోనే నా చెయ్యి పట్టుకున్నారు.

అమ్మ ఆయనకి విసురుతోంది. నా ఉపన్యాసం కాగితాలతో. పన్నెండు పేజీలూ మడిచి విసురుతోంది…

మందు ఏమైంది? ఇంకా మెట్ల మీదేనా? పరుగెత్తమను… ఆయన పెదవులు నల్లబడుతున్నాయి నాయనా. ఐదో అంతస్తు తలుపు ఒక చెయ్యి పట్టేంత తెరిస్తే చాలు. తాళంచెవి నీ దగ్గరే ఉంటుంది. మనిషిని పంపు.

ఆ చప్పుడేమిటి?… నువ్వు కాదుగా?… నీ పక్కన ఎవరో ఉన్నారు. ఎవరు?…

డైరెక్టరుగారా. సభకి వచ్చారా… మంత్రిగారు పైన ఎదురుచూస్తున్నారని. అవును మరి… ఆయనకి ఫోను ఇవ్వకు. ఆయనతో నేను మాట్లాడి లాభం లేదు, నేను మాట్లాడవలసింది మూడేళ్ళ కిందట. ఇప్పుడు చక్రం నీ ముందుంది. తిప్పమన్నారా?… నోటితో అనలేదు కదూ. అనరు. నాకు తెలుసు ఆయన ఏమంటారో—

ఆ, వినబడింది. ఇక్కడికి వినబడింది. అదే గొంతు. 'అయిందా?'

నాయనా.

…

నాయనా, నేనేమీ చెప్పను. నీకు నేను నేర్పిన చదువు ఏపాటిదో ఇవాళ తెలిసిపోయింది. ఇంక చెప్పే అర్హత నాకు లేదు. కాని నేను పైనుంచి చూడడం లేదు, కింద వేలాడుతున్నాను. అది ఒక్కటీ గుర్తుపెట్టుకో…

…

విసరడం ఆపకమ్మా…

…

ఏమన్నావు? ఇందాక ఏదో అన్నావు… ఆయనకి చెప్పిన మాట మళ్ళీ చెప్పు, నాకు సరిగ్గా… 

'కాలేదండీ.'

అన్నావా!… అనేశావా… ఆయన ఏమన్నారు?… అననీ. అరవనీ. నువ్వు చక్రం దగ్గరనుంచి లేవకు, ఎవరినీ ముట్టుకోనివ్వకు. గంటన్నర కదూ. కూర్చుంటాం.

ఉండు ఉండు, పైన వెలుతురు పెరిగింది. చెయ్యి… చెయ్యి కనబడుతోంది! బావగారూ, మీరు లేవకండి, నేనందుకుంటాను. అమ్మా, నన్ను పట్టుకోండి, అడుగు గట్టిగా వెయ్యకూడదు… ఇంకా కిందికి బాబూ, ఇంకా… అందింది. అందింది. పీల్చండి. మళ్ళీ పీల్చండి.

నాయనా, మందు అందింది. ఆయన కళ్ళు తెరిచే ఉన్నారు… లేదు, పెట్టె కదిలింది కాస్త. పైన ఏదో పోగు తెగిన చప్పుడు. నీకూ వినబడిందా?… ఊఁ. కదలం. ముగ్గురం ఊపిరి కూడా చూసుకుని పీలుస్తున్నాం.

ఈ ఫోనులో చార్జింగు అయిపోవస్తోంది, ఒక్క మాట. రిజిస్టరు తియ్యి. ఎనిమిది కొట్టెయ్యి… ఇప్పుడే. మమ్మల్ని బయటికి తీసినాక కాదు, మేమింకా లోపల ఉండగానే. కొట్టేశావా?… పక్కన ఏమని రాయాలా? 'తెలియదు' అని రాయి. కింద నా పేరు రాయి, నేను చెబితే రాశానని రాయి… ఆ.

ఇప్పుడు కింది రెండు గడులు. 'మునుపటివలెనే'. అవి నేను చెప్పను. అవి నీవి…

రాస్తున్నావా?… కలం చప్పుడు వినబడడం లేదు నాయనా… రాసి నాకు చదివి వినిపించు. వింటున్నాను… హలో… చదువు నాయనా, వింటున్నా—