మా గదిలో ఎంతమంది పడతారంటే

నాకు అబద్ధం చెప్పడం చేతకాదు. మొదలుపెట్టగానే మా ఆవిడ నవ్వేస్తుంది. అందుకే ఆవిడ రాని చోట, మా పేట బాబ్ ఎల్ వెద్‌లో అర్రెజ్కి నడిపే కాఫీ కొట్లో, నోరు విప్పుతుంటాను.

"మాది ఒకటే గది, ఉండేది నలుగురం," అన్నాను. "సర్కారు సొమ్ముతో కట్టిన ఫ్లాటు తక్కువ అద్దెకి రావాలంటే ఇరుకుని బట్టి మార్కులు కదా. అందుకని ఫ్లాట్లు పంచే కమిటీవాళ్ళు చూడ్డానికొచ్చిన రోజు పక్కింటివాళ్ళనీ, మెట్లమీద దొరికిన పిల్లల్నీ లోపలికి పిలిచి ఇరవైమందిని చేశాను." అంతవరకూ నిజమే.

"మరి పొయ్యెక్కడ పెట్టావ్?" అన్నాడు అర్రెజ్కి. ఆయనకి ప్రతీదీ తెలియాలి.

"మా అత్తగారి ఒళ్ళో. ఆవిడ దగ్గితే షోర్బా సూపు పొంగిపోతుంది."

"ఈద్‌కి కొన్న పొట్టేలు?"

"బీరువాలో. కొమ్ములు మాత్రం బయటికి, వాటిమీద బట్టలారేశాం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కమిటీ ఆయన లోపలికైతే దూరాడుగానీ బయటికి దారి లేదు. మూడు రోజులు మాతోనే ఉన్నాడు, ఆయన్ని వెతుక్కుంటూ వచ్చినాయన కూడా ఉండిపోయాడు. ఆఖరికి ఆయనే, నాకో ఫ్లాటు ఇప్పించండి మహాప్రభో అని, నా వీపుమీద కాగితం పెట్టి దరఖాస్తు రాసుకున్నాడు."

అందరూ నవ్వారు, మా కింద నేలమాళిగలో ఉండే జుబీర్ తప్ప.

"ఆ పిల్లల్లో నలుగురు నావాళ్ళు," అన్నాడు. "నీ గది చూసి కమిటీవాళ్ళు నేరుగా మా ఇంటికి దిగారు. అప్పుడు ఇంట్లో నేనూ మా ఆవిడా. ఇద్దరే అని రాసుకుపోయారు. పన్నెండేళ్ళుగా ఎదురు చూస్తున్నానన్నా. పొద్దున లిస్టు అంటించారు, నా పేరు లేదు."

"నాదీ లేదురా," అన్నాను.

"ఇరవైమంది పట్టిన గది, పెద్దదే అనుకునుంటారు," అన్నాడు అర్రెజ్కి.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"అభ్యంతరాలకి రేపే ఆఖరు," అన్నాడు జుబీర్. "నా పిల్లలు నలుగురూ ఆ పూట నీ గదిలో ఉన్నారని వచ్చి రాసివ్వు. ఒక్కణ్ణి కూడా కలపకు."

అది రాస్తే ఆ ఇరవైమందీ మావాళ్ళు కారని నేనే ఒప్పుకున్నట్టు, వచ్చే లిస్టుకి కూడా నా దరఖాస్తు ఇక చెత్తబుట్టకే. కాఫీ చల్లారేదాకా ఆలోచించాను.

మర్నాడు పొద్దున్నే కమిటీ ఆఫీసుకి వెళ్ళి నలుగురి పేర్లూ రాశాను. కింద సంతకం చేశాను.

"ఇంకేమైనా చెప్పాలా?" అన్నాడు అక్కడి గుమస్తా, నా కథల సంగతి విన్నవాడిలా, ఆశగా.

నాలుక దురద పెట్టింది.

"లేదండీ. అంతే," అన్నాను.